పౌచ్ మీద క్యూఆర్: ఫోన్ చదివింది, కౌంటర్ ఎందుకు చదవలేదు?

పలాసలో జీడిపప్పు ప్యాకింగ్ చేసేవాళ్ల దగ్గర నాకు ఎక్కువగా వినిపించే మాట ఇది: "ఇదేటి బాబూ, ఫోన్లో వస్తంది కదా, షాపోడు రాదంటాడేటి?"

బార్‌కోడ్‌ల ప్రమాణాలు నిర్ణయించే జీఎస్‌1 సంస్థ పెట్టుకున్న లక్ష్యం ప్రకారం 2027 ఆఖరుకల్లా దుకాణాల కౌంటర్లు పాత గీతల బార్‌కోడ్‌తో పాటు క్యూఆర్ లాంటి చదరపు కోడ్‌లనూ చదవగలగాలి. ఆ చదరంలో ఉండే వెబ్ లింకులోనే సరుకు నంబరుతో పాటు బ్యాచ్, గడువు తేదీ కూడా పట్టిస్తారు. ఫోన్ అయితే లింకు తెరిచి ఊరుకుంటుంది. లోపలి అంకెలు తప్పో ఒప్పో దానికి పట్టదు.

సమస్య: నిన్న ప్యాక్ చేసిన సరుకు, బిల్లింగ్‌లో గడువు తీరిందని ఆగిపోతోంది

కారణం ఆపరేటర్ అలవాటు. 2027 మార్చి 15ని మనం 150327 అని రాస్తాం. కోడ్‌లో మాత్రం సంవత్సరం ముందు, తర్వాత నెల, ఆఖరున రోజు రావాలి: 270315. మనం రాసినట్టే కొడితే కంప్యూటర్‌కి అది 2015 మార్చి 27. గడువు చూసే సాఫ్ట్‌వేర్ ఉన్న కౌంటర్ ఆ పౌచ్‌ని తీసుకోదు.

ఇది దొరికిపోయే తప్పు కాబట్టి నయం. 2027 మే 26ని 260527 అని కొట్టారనుకోండి, అది 2026 మే 27గా చదువుతుంది. చూడ్డానికి సరైన తేదీలాగే ఉంటుంది, కానీ ఏడాది ముందే గడువు తీరిపోతుంది. సరుకు షాపుల్లోకి వెళ్లాక గానీ బయటపడదు.

పరిష్కారం: తేదీని చేత్తో కొట్టనివ్వకండి. ప్రింటర్ గడియారం నుంచే లెక్కకట్టేలా టెంప్లేట్ పెట్టి, పాస్‌వర్డ్‌తో లాక్ చేయండి. పౌచ్ మీద మనుషులు చదివే తేదీ, క్యూఆర్‌లోని తేదీ రెండూ ఒకే ఫీల్డ్ నుంచి రావాలి. తేదీకి ముందు వచ్చే సూచిక కూడా చూసుకోండి. 'ఎక్స్‌పైరీ'కి 17, 'బెస్ట్ బిఫోర్'కి 15.

సమస్య: సరుకు నంబరు గానీ బ్యాచ్ గానీ తెగిపోయి వస్తోంది

బ్యాచ్ నంబర్‌లో ఏటవాలు గీత ఉందేమో చూడండి. రిజిస్టర్‌లో 'ఎ/12' అని రాసుకోవడం మనకు మామూలే, కానీ వెబ్ లింకులో ఆ గీత ఒక విభాగం ముగిసిందని చెప్పే గుర్తు. అక్షరాలు, అంకెలు మాత్రమే వాడండి. ఇక లింకులో సరుకు నంబరుకి సూచిక 01, దాని తర్వాత 14 అంకెలు ఉండాలి. మన పాత బార్‌కోడ్‌లో ఉన్నవి 13, అందుకే ముందు ఒక సున్నా చేర్చాలి. చాలామంది ఇది మరిచిపోతారు.

సమస్య: కొన్ని పౌచ్‌లు చదువుతోంది, కొన్ని చదవట్లేదు

ముందు సైజు కొలవండి. కౌంటర్‌లో చదివే క్యూఆర్‌కి ఒక్కో గడి కనీసం 0.396 మి.మీ. ఉండాలి. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) ప్రింటర్ హెడ్‌లో ఒక చుక్క సుమారు 0.085 మి.మీ. గడికి 4 చుక్కలంటే 0.34, చాలదు. 5 చుక్కలు పెడితే 0.42 వస్తుంది. 33 గళ్ల క్యూఆర్ అయితే 14 మి.మీ., చుట్టూ నాలుగేసి గళ్ల ఖాళీ కలిపితే 17 మి.మీ. పైచిలుకు. ఈ ఖాళీలోకే డిజైనర్లు లోగో జరుపుతారు, జరపనివ్వకండి. కంప్యూటర్‌లో బొమ్మని మౌస్‌తో లాగి సాగదీయడమూ వద్దు, గళ్లు ఎగుడుదిగుడుగా వస్తాయి.

సైజు సరిగ్గా ఉన్నా చదవకపోతే మిషన్ దగ్గరికి వెళ్లండి. ప్రతి పౌచ్‌లో ఒకే చోట తెల్లగీత పడుతుంటే హెడ్‌కి మురికి పట్టింది, లేదా ఒక చుక్క చచ్చిపోయింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచినా గీత పోకపోతే హెడ్ మార్చాల్సిందే. గీత ఒక్కోసారి ఒక్కోచోట పడుతుంటే ఇంకు రిబ్బన్ ముడత. చదరం సాగి దీర్ఘచతురస్రమైతే ఫిల్మ్ కదలికని కొలిచే ఎన్‌కోడర్ చక్రం దాని మీద జారుతోంది.

గుండు పప్పు కనబడాలని పారదర్శక పౌచ్ వాడేవాళ్లు క్యూఆర్ కింద తెల్ల పట్టీ వేయించాలి. వెండి రంగు పౌచ్‌కీ అంతే. ఎరుపు మీద మోజు ఉంటే బ్రాండ్ పేరుకి వాడుకోండి, కోడ్‌కి నలుపే.

సమస్య: ఒక్క పౌచ్‌కి రెండుసార్లు బిల్లు పడింది

స్కానర్ గీతల కోడ్, క్యూఆర్ రెండూ చదివేసింది. దుకాణంవాళ్లు స్కానర్ సెట్టింగ్ మార్చుకోవాలి. దానికి భయపడి గీతల కోడ్ తీసేయకండి. లేజర్ స్కానర్లున్న కొట్లు ఇంకా ఉన్నాయి, వాటికి క్యూఆర్ కనబడనే కనబడదు.

రోల్ మొదట, మధ్యన, చివర ఒక్కో పౌచ్ తీయండి. ఖాళీవి కాదు, పప్పు నింపి, నైట్రోజన్ కొట్టి, సీల్ చేసినవే. పౌచ్ ఉబ్బాక క్యూఆర్ వంగుతుంది. కౌంటర్‌లో వాడే ఇమేజర్ స్కానర్ (కెమెరాలా బొమ్మ తీసి చదివేది) ఒకటి యూనిట్‌లో పెట్టుకుని, అది చదివిన అంకెల్ని బ్యాచ్ రిజిస్టర్‌తో పోల్చాకే లైన్ నడపండి. రిబ్బన్ మార్చినప్పుడల్లా మళ్లీ ఒకటి చూడండి.