కంపెనీ లోగో ఉన్న పాత వాచీలు సేకరించడం ఎలా?

పాత హెచ్‌ఎంటీ వాచీ డయల్ మీద ఏ బ్యాంకుదో, సిమెంటు కంపెనీదో లోగో కనబడితే చాలామంది పక్కన పడేస్తారు. నాకు మాత్రం చెయ్యి అక్కడికే పోతుంది. అది అంగడిలో కొన్నది కాదు. పాతికేళ్ల సర్వీసుకో, ఎరువుల బస్తాలు ఎక్కువ అమ్మినందుకో ఎవరికో ముట్టిన బహుమానం. అమెరికాలో అమ్మకాల టార్గెట్ కొట్టిన మేనేజర్లకు డామినోస్ వాళ్లు తమ లోగో వేయించిన రోలెక్స్‌లే ఇచ్చారు. మనకంత ఖర్చు అక్కర్లేదు. నా మొదటి వాచీ ఆరు వందలు.

ముందు మీకంటూ ఒక గిరి గీసుకోండి. బ్యాంకులవే అనో, మందుల కంపెనీలవే అనో, లేదా కీ ఇచ్చే వాచీలే అనో. గిరి లేకపోతే ఆరు నెలల్లో డ్రాయర్ నిండుతుంది, పర్సు ఖాళీ అవుతుంది.

ఇక వెతకడం. మొదట చుట్టాల ఇళ్లు. రైల్వే క్యారేజ్ షాపులోనో, ఆర్టీసీలోనో, బ్యాంకులోనో చేసి రిటైరైన పెదనాన్నలు, మామయ్యలు తిరుపతిలో ఏ వీధికి పోయినా ఉంటారు. "మామా, మీకు కంపెనీ వాళ్లు వాచీ ఏమైనా ఇచ్చారా?" అని అడిగితే బీరువా తెరుస్తారు. ఇస్తారని కాదు, కథ చెబుతారు. తర్వాత గాంధీ రోడ్డు చుట్టుపక్కల సందుల్లో, చిత్తూరు బజార్లో పాత రిపేరు అంగళ్లు. షోకేసు చూడొద్దు, రిపేరుకిచ్చి తీసుకుపోని వాచీల డబ్బా అడగండి. మన ఊరికే ఉన్న ఇంకో దారి, శ్రీవారి హుండీలో భక్తులు వేసిన వాచీలను టీటీడీ వేలం వేయడం. కాకపోతే లాట్లుగా అమ్ముతారు. ఒక్క లోగో వాచీ కోసం లాటంతా కొనాలంటే నలుగురు కలవాలి.

అసలు పని డయల్ చూడడం. ఇక్కడే నేను దెబ్బతిన్నాను. ఒకాయన దగ్గర ఓ టైరు కంపెనీ లోగో ఉన్న హెచ్‌ఎంటీ జనతా కొన్నాను. తెల్లగా మెరిసిపోతోంది. ఎగిరి గంతేసి రిపేరు పెద్దాయనకు చూపిస్తే, కంటికి భూతద్దం పెట్టుకుని నవ్వాడు. "మిషన్ వయసు నలభై ఏళ్లు, డయల్ వయసు ఆరు నెలలు సామీ." పాత డయల్ గీకి, రంగేసి, లోగో కొత్తగా అచ్చేశారన్నమాట. ఇలాంటివి మార్కెట్లో బోలెడు. ఆ రోజు ఆయన నేర్పినది ఇదే: పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో, డయల్ మీద వేసే "పారాషాక్" (కుదుపులు తట్టుకుంటుందని అర్థం) లాంటి చీమ తలంత అక్షరాలు చూడాలి. అసలుదైతే అంచులు పదునుగా, సిరా కాస్త ఉబ్బినట్టు ఉంటుంది. తిరిగి అచ్చేసిందైతే అక్షరాలు అలుక్కుపోతాయి, నిమిషాల గీతలు అంకెల నడుమకు సరిగ్గా రావు. అంచున పసుపు, చిన్న మచ్చ ఉంటే భయపడకండి. నన్నడిగితే మచ్చలేని డయల్‌నే అనుమానించాలి.

కాలం కూడా సరిపోవాలి. హెచ్‌ఎంటీ బెంగళూరులో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో 1961లో వాచీలు మొదలుపెట్టింది. టైటాన్ వాచీలు వచ్చింది 1987లో. అలాంటప్పుడు టైటాన్ డయల్ మీద "1980 సిల్వర్ జూబ్లీ" అని ఉంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. స్టేట్ బ్యాంకు తాళపు రంధ్రం లాంటి గుర్తు 1971 నాటిది. అది అరవైల వాచీ అని అమ్మితే అబద్ధమే. వెనక మూత మీద పేరు, తేదీ చెక్కి ఉంటే మాత్రం నాలుగు డబ్బులు ఎక్కువైనా తీసుకోండి.

మిషన్ సంగతి సులువు. కీ తిప్పితే సాఫీగా బిగియాలి, ముళ్లు జరపగానే కదలాలి. హెచ్‌ఎంటీ కీ వాచీల్లో ఎక్కువగా కనబడే 17 జ్యువెల్స్ (అరుగుదల తగ్గించే చిన్న రాళ్లు) ఉన్న 0231 నంబరు మిషన్ గంటకు 18,000 సార్లు కొట్టుకుంటుంది, అంటే సెకనుకు ఐదు. చెవి దగ్గర పెడితే ఆ చప్పుడు తడబడకుండా వినబడాలి. ఆగిపోయినా పర్వాలేదు, పాత వాచీల నుంచి పార్టులు దొరుకుతాయి. క్వార్ట్జ్ వాచీ కొంటే ఇంటికి రాగానే సెల్ తీసేయండి. లీకైతే లోపలంతా తినేస్తుంది.

సర్వీసింగ్‌కు ఇచ్చేటప్పుడు ఒక్క మాట గట్టిగా చెప్పండి: "అన్నా, ఆయిల్ వెయ్, గ్లాసు మార్చు, డయల్ జోలికి పోవద్దు." కొందరు మంచి మనసుతోనే స్పిరిట్‌తో తుడిచేస్తారు. మచ్చతో పాటు లోగో కూడా దూదికి అంటుకుని వచ్చేస్తుంది. ప్లాస్టిక్ గ్లాసు మీది గీతలు మాత్రం టూత్‌పేస్టుతో మీరే రుద్దుకోవచ్చు, పేస్టు అంచుల్లోకి దిగకుండా.

వాచీ తెచ్చిన రోజే ఒక చీటీ రాసి డబ్బాలో పెట్టండి: ఎవరిది, ఏ కంపెనీ, ఎందుకిచ్చారు, ఎంతకు కొన్నారు. నా టైరు కంపెనీ వాచీకీ చీటీ ఉంది. "మిషన్ నిజం, డయల్ అబద్ధం" అని రాశాను.