అల్యూమినియం అతుకు పగులుతోందా? ముందు రాడ్ నంబరు చూడండి

మిర్యాలగూడలో రైస్ మిల్లు సామాను బాగుచేసినా, జడ్చర్లలో కొత్త ఫ్రేములు కట్టినా, అల్యూమినియం అతుకు విడిపోతే మొదట మెషీన్‌నే అనుమానిస్తాం. నా దృష్టిలో మొదట చూడాల్సింది వెల్డింగ్‌లో కరిగించి అతుకులో నింపే రాడ్‌నే, దాని లోహపు రకాన్ని చెప్పే నంబరునే.

సమస్య: బీడ్ (వెల్డింగ్ చేసిన గీత) చల్లారుతుండగానే నడిమధ్య పొడుగునా చీలుతోంది.

కారణం: తలుపులు, కిటికీల సెక్షన్లు చాలావరకు 6063 రకం అల్యూమినియం, బరువు మోసే ఫ్రేములకు 6061 రకం వాడతారు. వీటిలో సిలికాన్, మెగ్నీషియం కొద్దిపాటిగా ఉంటాయి. లోహం గడ్డకట్టేటప్పుడు పగుళ్లు ఎక్కువగా వచ్చేది సరిగ్గా ఆ మోతాదులోనే. రాడ్ వేయకుండా అంచులనే కరిగించి కలిపితే అతుకు కూడా అదే మోతాదులో ఉండిపోతుంది. రాడ్ పిసినారిగా వేసినా అంతే.

పరిష్కారం: 4043 రాడ్ ధారాళంగా వేయండి. అందులో సుమారు 5 శాతం సిలికాన్ ఉంటుంది, పగులును బాగా అడ్డుకుంటుంది. అతుకుకు బలం ఎక్కువ కావాలంటే సుమారు 5 శాతం మెగ్నీషియం ఉన్న 5356 మేలు. అంచులను ఏటవాలుగా చెక్కితే రాడ్ లోహం ఎక్కువ చేరుతుంది. చివర్లో కరెంటును ఒక్కసారిగా ఆపకుండా తగ్గిస్తూ, బీడ్ చివర మిగిలే గుంటను నింపండి. చాలా పగుళ్లు ఆ గుంటలోనే మొదలవుతాయి.

సమస్య: అనోడైజింగ్ (కరెంటుతో పైన ఆక్సైడ్ పూత పెంచడం) తర్వాత అతుకు నల్లబడింది.

4043లోని సిలికాన్ వల్లే. రంగు కలవాలంటే 5356 వాడండి.

సమస్య: ఇంజన్ దగ్గరి భాగం కొన్నాళ్లకు అతుకు వద్ద పగిలింది.

5356తో అతికి ఉండవచ్చు. ఎప్పుడూ 65 డిగ్రీలు దాటే వేడిలో ఉండే చోటికి అది పనికిరాదు. పోత పోసిన ఇంజన్, గేరుబాక్సు భాగాలకు సాధారణంగా 4043 సరిపోతుంది. కానీ 5083 రకం అల్యూమినియం రేకుకు 4043 వేయకండి, అతుకు పెళుసుగా మారుతుంది.

సమస్య: బీడ్ నిండా సన్నని రంధ్రాలు.

ఇక్కడ నంబరు తప్పు కాదు. తేమ, నూనెల నుంచి వచ్చిన హైడ్రోజన్ లోపల చిక్కుకుంది. వానాకాలంలో రాడ్లను మూత ఉన్న గొట్టంలో దాచండి. అసిటోన్‌తో తుడిచి, అది పూర్తిగా ఆరాక, అల్యూమినియానికే కేటాయించిన స్టెయిన్‌లెస్ బ్రష్‌తో రుద్దండి.

అతకాల్సిన అల్యూమినియం 7075, 2024 రకాలైతే బరువు మోసే చోట అసలు అతకకండి. బోల్టు వేయండి, లేదా కొత్త భాగం తెప్పించమని చెప్పండి.