బ్రేక్ పెడల్ మెత్తబడితే

బ్రేక్ తొక్కితే పెడల్ స్పంజిలా లోపలికి దిగుతోందా? బండి కదలకముందే ఒక పరీక్ష చేయండి. ఇంజన్ ఆన్ చేసి, పెడల్‌ను గట్టిగా తొక్కి అలాగే అర నిమిషం పట్టి ఉంచండి. పాదం కింద మెల్లగా జారిపోతుంటే ఎక్కడో బ్రేక్ ఆయిల్ కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను పైపుల్లోకి నెట్టే భాగం) లోపలి సీల్ అరిగిపోయింది. బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం తగ్గిందేమో, చక్రాల లోపలివైపు తడి ఉందేమో చూడండి. రెండూ లేకపోతే అనుమానం సీల్ మీదే.

అలా జారకుండా, నాలుగైదు సార్లు వెంటవెంటనే తొక్కితే గట్టిపడుతోందంటే చాలావరకు పైపుల్లో గాలి చేరినట్టే. బ్లీడింగ్ చేయాలి, అంటే ఆ గాలిని బయటికి తీసేయాలి. ఒకరు పెడల్ తొక్కి పట్టుకుంటే మరొకరు చక్రం దగ్గరి నిపుల్ (గాలి, ఆయిల్ బయటికి వదిలే చిన్న స్క్రూ) వదులు చేసి, బుడగలు పోయాక బిగించాలి. బిగించాకే పెడల్ వదలాలి. ఈ హడావిడిలో అందరూ మరిచేది డబ్బా. అది ఖాళీ అయితే మళ్లీ గాలి చేరి, మొదటికొస్తుంది. బయటికొచ్చిన ఆయిల్ తిరిగి పోయకండి, పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి. ఏ చక్రంతో మొదలుపెట్టాలో మాన్యువల్‌లో ఉంటుంది.