ఆఫ్రికా ప్రాచీన కట్టడాల అధ్యయనాన్ని ఉండవల్లి నుంచి మొదలుపెట్టడం ఎలా

ఆఫ్రికా చారిత్రక స్థలాలను గురించి తెలుసుకోవాలనుకునే చాలామంది గిజా పిరమిడ్ల ఫొటోలతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. విజయవాడ, గుంటూరు ప్రాంతాల వారికి ఇంతకంటే మంచి దారి ఉంది. ఒక నోటుపుస్తకం తీసుకుని ముందుగా కొండను తొలిచి చేసిన ఉండవల్లి గుహలకు వెళ్లండి.

నాలుగు అంతస్తులనూ ఒకేసారి చూసేయాలని ఆత్రపడకుండా, తర్వాతి కాలపు మరమ్మతు లేని ఒక్క స్తంభం దగ్గర పది నిమిషాలు ఆగండి. దాని మొదలు నేలతోనూ, తల కప్పుతోనూ అతుకు లేకుండా కలిసిపోయి ఉంటుంది. ఎవరో తెచ్చి నిలబెట్టిన స్తంభం కాదది. చుట్టూ కొండను తొలిచివేయగా మిగిలిన రాయి. ఈ సంగతి కంటితో చూసి మనసుకు ఎక్కించుకున్నాకే ఇథియోపియాలోని లాలిబెలాకు సంబంధించిన ఫొటోలు, నేలపటాలు తెరవండి. అక్కడ రాతిలో తొలిచిన చర్చిలు 11 ఉన్నాయి. ఉండవల్లి శిల్పులు కొండ ముఖం నుంచి లోపలికి తొలుచుకుంటూ వెళితే, ఆ చర్చిలలో ఒకటైన బేటె గియోర్గిస్‌ను చెక్కినవారు పైనుంచి కిందికి దిగారు: చుట్టూ లోతైన కందకం తవ్వి, మధ్యలో మిగిలిన రాతి దిమ్మెను శిలువ ఆకారంలో తీర్చి, ఆపైన లోపలి భాగాన్ని తొలిచారు. అందుకే దగ్గరికి వెళ్లేవారికి అక్కడ ముందు కనిపించేది గోడ కాదు, పైకప్పు. రెండు కట్టడాలకూ అడ్డుకోత బొమ్మ గీసి, ఉలి ఏ దిశలో నడిచిందో బాణం గుర్తుతో చూపండి. బొమ్మ వంకరగా వచ్చినా ఫరవాలేదు, బాణం మాత్రం సరిగా ఉండాలి.

తర్వాత నాగార్జునకొండకు ఒక రోజు కేటాయించండి. సాగర్ జలాశయంలో ఇక్ష్వాకుల విజయపురి మునిగిపోనున్నదని తెలిసి 1954 నుంచి 1960 వరకు అక్కడ విస్తృతంగా తవ్వకాలు జరిపి, కొన్ని కట్టడాలను కొండపైనా, అనుపులోనూ తిరిగి నిర్మించారు. ఆ కొండే ఇప్పుడు లాంచీలో చేరుకోవలసిన ద్వీపం. ఈజిప్టులోని అబూ సింబెల్‌కు కూడా ఇదే కష్టం వచ్చింది. అస్వాన్ హై డ్యామ్ నీటి నుంచి కాపాడటానికి, ప్రాచీన ఈజిప్టు రాజు రెండవ రామ్సెస్ కొండలో తొలిపించిన ఆలయాలను 1964-68 మధ్య దిమ్మెలుగా కోసి, పాత చోటు కంటే సుమారు 65 మీటర్ల ఎత్తున మళ్లీ కూర్చారు. ఇటువంటి చోట్ల ‘కట్టిన కాలం’తో పాటు ‘తరలించిన కాలం’ కూడా తప్పక రాసుకోండి. లేకపోతే చుట్టూ ఉన్న నేలను చూసి తప్పు అర్థం తీసే ప్రమాదం ఉంది.

చదివే వ్యాసం ఎప్పుడు రాసినదో చూడటం కూడా అంతే అవసరం. జింబాబ్వే దేశంలోని గ్రేట్ జింబాబ్వే అనే పాత రాతి నగరంలో సున్నం, అడుసు లేకుండా గ్రానైట్ రాళ్లను పేర్చి లేపిన గోడ కొన్నిచోట్ల సుమారు 11 మీటర్ల ఎత్తు ఉంటుంది. దానిని స్థానిక ఆఫ్రికన్లు కట్టి ఉండరని వలసపాలన కాలంలో ఎందరో వాదించారు. స్థానికులే కట్టారని 1905లో రాండల్ మెకైవర్, 1929లో గెర్ట్రూడ్ కేటన్ థాంప్సన్ అనే పురావస్తు శాస్త్రవేత్తలు ఆధారాలు చూపాక కూడా ఆ వాదన చాలాకాలం ఆగలేదు. ఇంతటి నైపుణ్యాన్ని దాని వారసులకు దక్కకుండా చేయడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. కాబట్టి పాత పుస్తకాన్ని చదవండి, కానీ నిర్మాతలెవరన్న విషయంలో దాని మాట నమ్మకండి.

చివరగా, నోటుపుస్తకంలో ‘ఇప్పుడు ఎక్కడుంది’ అనే గడి ఒకటి గీయండి. బెనిన్ కంచు శిల్పాల దగ్గర జాగ్రత్త: వాటిలో ఎక్కువ భాగం నిజానికి ఇత్తడివి, ఆ రాజ్యం నేటి నైజీరియాలో ఉండేది, బెనిన్ అనే దేశంలో కాదు. 1897లో బ్రిటిష్ సేనలు రాజభవనాన్ని కొల్లగొట్టి వాటిని తీసుకుపోయాయి. పక్క వరుసలో మన అమరావతి స్తూప శిల్పాలను రాయండి. వాటిలో కొన్ని చెన్నై ఎగ్మోర్‌లో ఉన్నాయి. మరికొన్నింటి కోసం వెతికితే, బెనిన్ శిల్పాల్లో చాలావాటికి రాసిన పేరే ఆ గడిలోనూ మళ్లీ రాయవలసి వస్తుంది: బ్రిటిష్ మ్యూజియం, లండన్.