అరకు నుంచి దిగే రోజు: సైకిల్ బృందాలకు కొన్ని జాగ్రత్తలు

డిసెంబరు వచ్చిందంటే విశాఖ నుంచి అరకుకి సైకిళ్ల మీద బయల్దేరే బృందాలు ఎక్కువవుతాయి. శనివారం ఎక్కడం, ఆదివారం దిగడం. ఎక్కే రోజు గురించి అందరికీ భయమే. నెల ముందునుంచే సింహాచలం ఘాట్‌లో సాధన చేస్తారు, గేర్లు సరిచేయించుకుంటారు. ఆదివారం సంగతి అడిగితే మాత్రం "దిగుడే కదండీ" అంటారు. బృందంలో అందరికన్నా వెనక వచ్చే పని చాలాసార్లు నాదే. కింద పడ్డవాళ్లను నేను లేపింది దాదాపు ప్రతిసారీ ఆ ఆదివారమే. అందుకే ఆ ఒక్క రోజు గురించి రాస్తున్నాను.

ముందు దారి తీరు తెలుసుకోండి. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, తిరుగుదారిలో వచ్చే గాలికొండ దాదాపు 1300. అంటే తిరుగు ప్రయాణం దిగుడుతో మొదలవదు. సుంకరమెట్ట మీదుగా ముందు మళ్లీ ఎక్కాలి. ఒళ్లంతా చెమట పట్టి, బనియను వీపుకి అతుక్కుపోయాక, సరిగ్గా అప్పుడు అనంతగిరి వైపు దిగుడు అందుకుంటుంది. కాళ్లకి పని ఉండదు, ఒంట్లో వేడి పుట్టదు. ఎదురుగాలి తడిబట్ట మీద కొడుతుంది. పైగా పొగమంచు.

ఒకసారి గాలికొండ దాటాక మా బృందంలో ఒక కుర్రాడు ఆగి, జేబులోంచి పల్లీ చిక్కీ తీశాడు. కవరు చింపలేకపోయాడు. వేళ్లు తెల్లగా పాలిపోయి, వంకర తిరిగి, చెప్పిన మాట వినడం లేదు. పళ్లతో లాగుతున్నాడు. నాకు గుండె జారిపోయింది. చిక్కీ కవరు చింపలేని ఆ వేళ్లే అప్పటిదాకా బ్రేకు పడుతూ వచ్చాయి, ఇంకా బోలెడు మలుపులున్నాయి. పక్కనే ఉన్న కాఫీ కొట్టు పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, వేడి గ్లాసు చేతుల్లో పెట్టాం. అరగంటకి గానీ వేళ్లు స్వాధీనంలోకి రాలేదు.

ఆ రోజు నుంచి మా నియమం ఒకటే. గాలికొండ దగ్గర అందరూ ఆగాలి, పొడి బనియను మార్చుకోవాలి, పైన గాలి దూరని జాకెట్ వేసుకోవాలి. జాకెట్ లేకపోతే పాత న్యూస్ పేపర్ నాలుగు మడతలు పెట్టి ఛాతీ మీద, చొక్కా లోపల పెట్టుకోండి. బాగా పనిచేస్తుంది. వేళ్లు పూర్తిగా కప్పే గ్లవ్స్ ఉండాలి, సగం వేళ్లవి సరిపోవు. దిగబోయే ముందు చిన్న పరీక్ష: బొటనవేలితో మిగతా నాలుగు వేళ్లనీ వరసగా తాకి చూడండి. తడబడితే ఇంకో టీ తాగి బయల్దేరండి.

ఇక బ్రేకులు. దిగుడంతా లివర్ని అలా నొక్కిపట్టి ఉంచకండి. చక్రం అంచుని పట్టే రిమ్ బ్రేకులైతే రాపిడికి రిమ్ బాగా వేడెక్కి లోపలి ట్యూబ్ పేలొచ్చు. డిస్క్ బ్రేకులైనా వేడెక్కితే పట్టు తగ్గుతుంది. మలుపుకి ముందే రెండు బ్రేకులూ కలిపి గట్టిగా నొక్కి వేగం తగ్గించండి, మలుపులో వదిలేయండి, తిన్నని చోట మళ్లీ పట్టండి. మలుపు మధ్యలో ముందు బ్రేకు గుంజితే చక్రం జారుతుంది. అక్కడ డీజిల్ మరకో, తడి ఆకులో, కంకరో ఉంటే ఇక చెప్పక్కర్లేదు. అయిదారు కిలోమీటర్లకోసారి ఆగండి. ఆగినప్పుడు రిమ్‌నీ డిస్క్‌నీ చేత్తో ముట్టుకోవద్దు, చర్మం ఊడొస్తుంది. బ్రేకు షూలు, ప్యాడ్లు శనివారం రాత్రే చూసుకోండి. ఎక్కేటప్పుడు అరగలేదు కదా అని వదిలేయకండి, అరిగేది దిగేటప్పుడే.

వేగం గురించి ఒక లెక్క. గంటకి 30 కిలోమీటర్ల మీద ఉంటే సెకనుకి 8 మీటర్ల పైన పోతున్నట్టు. ప్రమాదం కళ్లకి కనబడి చేయి బ్రేకు మీద పడేసరికే ఆ 8 మీటర్లూ అయిపోతాయి. వేగం రెట్టింపైతే బ్రేకు పట్టాక ఆగడానికి పట్టే దూరం నాలుగు రెట్లవుతుంది. మంచులో 20 మీటర్లు మాత్రమే కనిపిస్తుంటే వేగం గంటకి 20 కిలోమీటర్లు దాటొద్దు. పగలైనా సరే, ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు వెలుగుతూ ఉండాలి.

గుంపుగా వెళ్లడంలో ఉన్న ప్రమాదం గుంపే. మైదానంలో ఒకరి వెనక ఒకరు చక్రానికి చక్రం ఆనించినట్టు తొక్కే అలవాటు ఘాట్‌లో పనికిరాదు. ముందువాళ్లకీ మీకూ మధ్య కనీసం 30 మీటర్లు ఉండాలి, మంచులో అయితే ముందున్న ఎర్ర లైటు కనిపించేంత దూరంలో. ఒకరినొకరు దాటకండి. గుంట కనిపిస్తే "గుంట!" అని, బస్సు వస్తుంటే "బండి!" అని గట్టిగా అరవండి, మొహమాటపడొద్దు. ఆగాలనుకుంటే ముందే చేయెత్తి, రోడ్డు దిగి ఆగండి. మలుపు లోపల ఎప్పుడూ ఆగకండి. ఆదివారం టూరిస్టు కార్లు చాలా ఉంటాయి. బొంగులో చికెన్ కొట్లు, వ్యూ పాయింట్ల దగ్గర అవి హఠాత్తుగా పక్కకి తిరుగుతాయి, తలుపులు చూసుకోకుండా తీస్తారు. సంత రోజైతే నెత్తిన బుట్టలతో నడిచేవాళ్లు రోడ్డు వారనే ఉంటారు. అది వాళ్ల ఊరు, వాళ్ల దారి. నెమ్మదిగా, గంట కొడుతూ వెళ్లండి.

చలిలో దాహం తెలియదు, కానీ నీరు పోతూనే ఉంటుంది. ఓఆర్ఎస్ పొట్లం మీద లీటరు అని ఉంటే లీటరు నీళ్లలోనే కలపండి, సగం పొట్లం సగం సీసా లెక్కలు వద్దు. ముప్పావు గంటకోసారి అరటిపండో చిక్కీయో తినండి. నిన్నటి ఎక్కుడుకి ఒంట్లో నిల్వ ఉన్న శక్తి చాలావరకు ఖర్చయిపోయి ఉంటుంది, ఉదయం ఇడ్లీ ఒక్కటే సరిపోదు.

ఎవరైనా పడితే మొదట రోడ్డు మీద వచ్చే బండ్లని ఆపండి: ఇద్దరు పైకి, ఇద్దరు కిందకి, మలుపు దాటి నిలబడాలి. తలకో మెడకో దెబ్బ తగిలితే మనిషిని లేపి కూర్చోబెట్టొద్దు, హెల్మెట్ లాగొద్దు. 108కి చేయండి. ఘాట్‌లో చాలాచోట్ల సిగ్నల్ అందదు కాబట్టి చివర సిగ్నల్ ఎక్కడ వచ్చిందో ప్రతి ఒక్కరూ గుర్తుపెట్టుకోండి. "బాగానే ఉన్నాను" అని లేచినవాడు అడిగిందే మళ్లీ అడుగుతున్నా, వాంతి చేసుకున్నా ఇక సైకిలెక్కనివ్వకండి. బృందం వెంట వచ్చే వ్యాన్‌లో ఆసుపత్రికి పంపండి. దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా మళ్లీ వాడొద్దు.

ఘాట్ దిగి బొడ్డవర చేరాక అందరికీ ఊపిరి తేలికవుతుంది, అక్కడే ఏమరుపాటు. ఎస్.కోట (శృంగవరపుకోట) నుంచి విశాఖ 50 కిలోమీటర్ల పైమాటే. మధ్యాహ్నపు ఎండ, కొత్తవలస, పెందుర్తి లారీలు, అలిసిన కళ్లు. రైలు పట్టాలు దాటేచోట పట్టాలకి సరిగ్గా అడ్డంగా దాటండి, వాలుగా పోతే చక్రం ఇరుక్కుంటుంది. ఎస్.కోటలో అందరూ ఆగి అన్నం తిని, తలలు లెక్కపెట్టుకుని బయల్దేరాలి. చేతులు వణుకుతున్నాయని ఎవరైనా చెబితే వెక్కిరించకుండా వాళ్ల సైకిల్ వ్యాన్ మీదకి ఎక్కించండి.

డిసెంబరులో అయిదున్నరకల్లా పొద్దు గూకుతుంది. ఆలోగా అందరూ ఇల్లు చేరేలా అరకులో ఉదయం బయల్దేరే వేళ పెట్టుకోండి. ఇంటికి చేరినవాళ్లు గ్రూపులో "చేరాను" అని ఒక్క మాట పెట్టాలి. ఆ చివరి మెసేజ్ వచ్చేదాకా నేను ఫోన్ పక్కన పెట్టను.