ఆర్థిక విధానాలపై విశ్వవిద్యాలయ ఉపన్యాసం: విని ఉపయోగించుకోవడం ఎలా?

నెల్లూరు సమీపంలోని కాకుటూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం, ఒంగోలులో ఆంధ్ర కేసరి విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఇటువంటి చోట్ల ఆర్థిక విధానాలపై జరిగే బహిరంగ ఉపన్యాసాలు విద్యార్థులకూ ఆచార్యులకూ మాత్రమేనని చాలామంది అనుకుంటారు. మద్దతు ధర, వడ్డీ రేటు, సుంకాలు అనే మాటలు వరి రైతునూ, పొగాకు వేలానికి బేళ్లు తెచ్చేవారినీ, రొయ్యల చెరువు సాగుచేసేవారినీ నేరుగా తాకేవే కనుక, వారు వెళ్లి వినడం ఎంతో అవసరమని నా అభిప్రాయం.

ముందుగా ఉపన్యాసం ఏర్పాటు చేసిన విభాగానికి ఫోన్ చేసి, బయటివారిని రానిస్తారా, పేరు నమోదు చేసుకోవాలా, ప్రసంగం ఏ భాషలో ఉంటుంది అన్నవి కనుక్కోండి. శీర్షికలోని ముఖ్యమైన మాట ఒక్కదాని గురించైనా చదివి వెళ్లండి. మద్దతు ధరను వ్యవసాయ వ్యయాలు, ధరల కమిషన్ సిఫారసు చేస్తుందనీ, కేంద్ర ప్రభుత్వం ఖరారు చేస్తుందనీ తెలిసి కూర్చుంటే ప్రసంగంలో సగం తేలికవుతుంది.

వినేటప్పుడు అన్నీ రాసుకోవాలని చూడకండి. అంకె వినిపించినప్పుడు మాత్రం అది ఏ సంవత్సరానిది, క్వింటాలుకా, ఎకరాకా, మనిషికా అన్నది పక్కనే రాయండి. 2025 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు రెపో రేటును, అంటే తాను బ్యాంకులకు ఇచ్చే అప్పు మీద వసూలు చేసే వడ్డీని, 6.5 నుంచి 6.25 శాతానికి దించింది; అది పావు శాతం పాయింటు తగ్గింపే గాని, పాత రేటుతో పోల్చి చెబితే దాదాపు 4 శాతం. ఈ తేడా రాసుకోకపోవడం వల్ల నా పాత నోటు పుస్తకంలోని ఎన్నో అంకెలు ఇప్పుడు ఎందుకూ కొరగాకుండా పోయాయి.

అసలైన పని, విన్న అంకెను మన కొలతలోకి మార్చుకోవడం. 2025-26 ఖరీఫ్‌కు సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. నెల్లూరు పుట్టి 850 కిలోలు, అంటే ఎనిమిదిన్నర క్వింటాళ్లు కాబట్టి, పుట్టికి 20,136 రూపాయల 50 పైసలు అవుతుంది. కళ్లం దగ్గర వ్యాపారి చెప్పిన పుట్టి ధరను దీని పక్కన పెడితే, వక్త వివరించిన విధానం మన ఊరిదాకా వచ్చిందో లేదో అక్కడికక్కడే తేలుతుంది. ఈ ధర ఖర్చుకు ఒకటిన్నర రెట్లు అని వక్త అన్నప్పుడు, ఏ ఖర్చుకు అన్నది పట్టించుకోవాలి. ధరల కమిషన్ లెక్కకు తీసుకున్న, క్వింటాలుకు 1,579 రూపాయల దేశ సగటు ఖర్చులో ఉన్నవి చేతి నుంచి పెట్టిన ఖర్చు, ఇంటిల్లిపాది చేసిన శ్రమ విలువ మాత్రమే. దీనిని ఎ2 ప్లస్ ఎఫ్ఎల్ అంటారు. సొంత భూమికి రావలసిన కౌలు, సొంత పెట్టుబడి మీద వడ్డీ కూడా కలిపితే అది సీ2. వ్యవసాయ శాస్త్రవేత్త స్వామినాథన్ అధ్యక్షతన పనిచేసిన జాతీయ రైతు కమిషన్ ఖర్చు మీద కనీసం 50 శాతం అదనంగా ఉండాలని చెప్పింది. ఏ ఖర్చు మీద అన్నదే నేటికీ తెగని వాదం.

చేయి ఎత్తేముందు ప్రశ్నను కాగితం మీద ఒకటి రెండు వాక్యాలలో రాసుకోండి. “అయ్యా, మీరు చెప్పిన ఒకటిన్నర రెట్లు ఏ ఖర్చు మీద? సొంత పొలం కౌలు అందులో కలిసిందా?” అంటే చాలు. ప్రసంగం ఇంగ్లీషులో సాగినా ప్రశ్న తెలుగులో అడగడానికి సంకోచించవద్దు.

ఇంటికి వచ్చాక రెండు మూడు ముఖ్యమైన అంకెలను మూల పత్రాలలో సరిచూడండి. మద్దతు ధరలకు వ్యవసాయ వ్యయాలు, ధరల కమిషన్ నివేదిక, దేశానికి బడ్జెట్‌కు ముందు పార్లమెంటులో పెట్టే ఆర్థిక సర్వే, రాష్ట్రానికి సామాజిక ఆర్థిక సర్వే ఉన్నాయి. తేడా కనిపిస్తే వక్తదే తప్పనుకోకుండా సంవత్సరమూ కొలతా మళ్లీ చూసి, అప్పటికీ కలవకపోతే పేజీ సంఖ్యతో సహా ఆయనకు ఉత్తరం రాయండి.