డైకిరీ కుదిరేలా కలపడం ఎలా?

తెల్ల రమ్, నిమ్మరసం, పంచదార. డైకిరీ అనే కాక్‌టెయిల్‌లో పడేవి ఈ మూడే. క్యూబాలో శాంటియాగో నగరానికి దగ్గర్లోని డైకిరీ అనే ఊరి పేరే దీనికి వచ్చింది. అక్కడి ఇనుప గనుల్లో పనిచేసిన అమెరికన్ ఇంజినీరు జెన్నింగ్స్ కాక్స్ 1898 ప్రాంతంలో దీన్ని కలిపాడని చెబుతారు. తర్వాత హవానాలోని ఎల్ ఫ్లోరిడిటా బార్‌లో బార్‌టెండర్ కాన్‌స్టాంటీనో రిబలైగువా చేతిలో ఇది రకరకాల రూపాలు తీసుకుంది. 1920లో అమెరికాలో మద్యనిషేధం వచ్చాక అక్కడివాళ్లు హవానా దారి పట్టడంతో దీని పేరు ఇంకా పాకింది. బార్‌టెండర్ పనితనం తెలుసుకోవాలంటే ఇప్పటికీ డైకిరీ అడిగేవాళ్లున్నారు. పులుపు పెరిగినా, తీపి తగ్గినా, నీళ్లెక్కువైనా మొదటి గుక్కకే దొరికిపోతుంది.

ఒక గ్లాసుకి కొలత ఇది: రమ్ 60 మి.లీ., నిమ్మరసం 25 మి.లీ., పంచదార నీళ్లు 20 మి.లీ. చేతివాటున పోయకండి. 5 మి.లీ. తేడా వచ్చినా రుచి మారిపోతుంది.

ముందు పంచదార నీళ్లు చేసుకోండి. 100 గ్రాముల పంచదారకి 100 గ్రాముల వేడినీళ్లు పోసి కరిగే దాకా కలిపితే చాలు, మరిగించి పాకం రానివ్వక్కర్లేదు. పూర్తిగా చల్లారాకే వాడాలి. పంచదార నేరుగా వేస్తే చల్లటి రమ్‌లో సరిగ్గా కరగక అడుగున మిగిలిపోతుంది, పైన పులుపు కొడుతుంది.

నిమ్మకాయ విషయంలో మనం అదృష్టవంతులం. క్యూబాలో వాడే చిన్న, పల్చటి తొక్క నిమ్మ మన కాయ జాతిదే. 25 మి.లీ. రసానికి రెండు కాయలు తీసుకోండి. గింజలు తీసేసి మెత్తగా పిండండి. ఆఖరి చుక్క కోసం గట్టిగా నొక్కితే తొక్కలోని చేదు దిగుతుంది. పొద్దున పిండిన రసం సాయంత్రానికి పనికిరాదు, సీసా రసం అసలే వద్దు. అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉన్నవాళ్లకి దొరికే గింజల్లేని పెద్ద లైమ్‌లో పులుపు కాస్త తక్కువ. దానితో చేస్తే పంచదార నీళ్లు 15 మి.లీ. నుంచి మొదలుపెట్టి రుచి చూసుకోండి. పసుపురంగు లెమన్‌తో చేస్తే ఆ వాసనే రాదు.

రమ్ తెల్లదే కావాలి. ఓల్డ్ మంక్ లాంటి నల్ల రమ్‌తో కలిపింది కూడా బాగానే ఉంటుంది కానీ, దాని ఘాటు నిమ్మని మింగేస్తుంది.

గ్లాసుని పదిహేను నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టండి. వడ్డించే గ్లాసులో ఐస్ వేయం కాబట్టి అది వెచ్చగా ఉంటే అంతవరకు పడ్డ శ్రమ వృథా.

ఇక అసలు పని ఐస్‌ది. ఫ్రీజర్ నుంచి అప్పుడే తీసిన పెద్ద, గట్టి ముక్కలు షేకర్‌లో (డ్రింక్ ఊపి కలిపే మూత డబ్బాలో) మూడొంతులు నింపండి. బయట ఉండి తడిసిన ఐస్ వేస్తే దాని నీళ్లే ముందు కలిసి డ్రింక్ పల్చబడుతుంది. ఐస్ తక్కువ వేసినా అంతే, చల్లబడేలోపే కరిగిపోతుంది. మూడూ పోసి, మూత బిగించి, 12 నుంచి 15 సెకన్లు బలంగా ఊపండి. షేకర్ బయట మంచు పట్టి చేతులు జివ్వుమంటే అయినట్టే. ఈలోగా ఐస్ నుంచి 40–50 మి.లీ. నీళ్లు చేరతాయి. ఆ నీళ్లు లేకపోతే రమ్ గొంతులో మండుతుంది, నిమ్మ వల్ల పళ్లు పులుస్తాయి. చెంచాతో కలిపితే చాలదా అంటే చాలదు: ఊపినప్పుడు చేరే గాలి బుడగల వల్లే పైన సన్నటి నురగ వస్తుంది. షేకర్ లేకపోతే మూత గట్టిగా పట్టే వెడల్పాటి స్టీలు సీసా వాడండి, గాజు సీసా వద్దు.

టీ జల్లెడ గుండా గ్లాసులోకి వడగట్టండి. ఐస్ నలుసులు, గుజ్జు పైనే ఆగిపోతాయి. ఒక చుక్క నాలిక మీద వేసుకోండి. బుగ్గలు లాగేంత పుల్లగా ఉంటే పంచదార నీళ్లు 5 మి.లీ. కలపండి, తియ్యగా అంటుకుంటుంటే అంతే నిమ్మరసం. వడ్డించాక ఆలస్యం చేయకూడదు, ఐదారు నిమిషాలకే నురగ కుంగి చల్లదనం పోతుంది. అలాగని గటగటా తాగకండి. తీపి, పులుపు కలిసి దాచేసినా, ఆ గ్లాసులో ఉన్నది పూర్తి 60 మి.లీ. రమ్.